బడి భోజనంలో చేప పెట్టాలంటే: ముళ్లు, మంచు, డబ్బులు, మనుషులు

బడికమిటీ_శ్రీకాళహస్తి
అందరికీ నమస్కారం. మా ప్రాథమికోన్నత పాఠశాలలో 6, 7, 8 తరగతుల పిల్లలు వంద మంది. వారంలో ఐదు రోజులు గుడ్డు ఇస్తున్నారు. నెలకు రెండుసార్లయినా చేప పెడితే బాగుంటుందని యాజమాన్య కమిటీలో మాట వచ్చింది. పంతుళ్లకు ముళ్ల భయం, వంట చేసే అక్కలకు పని భయం, నాకు ఖర్చు భయం. బడిలో ఫ్రిజ్ లేదు. గ్యాస్ పొయ్యిలు రెండు, ఇద్దరు వంటవాళ్లు. ఏ చేప, ఎంత, ఎలా వండాలి, ఏది తప్పుతుంది అన్నది తెలిసినవాళ్లు కొలతలతో చెప్పండి. "చేప మంచిది" అని మాత్రం రాయొద్దు, అది అందరికీ తెలుసు.

పోషకాల_పట్టిక
ముందు లెక్క తేల్చుకుందాం అక్కా. పీఎం పోషణ్ (కేంద్రం మధ్యాహ్న భోజన పథకం) కొలతల ప్రకారం 6-8 తరగతుల పిల్లలకు మధ్యాహ్నం 700 క్యాలరీలు, 20 గ్రాముల ప్రోటీను అందాలి. 1-5 తరగతులకు 450 క్యాలరీలు, 12 గ్రాములు. 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పుతో 18 గ్రాముల దాకా వస్తుంది, గుడ్డుతో ఇంకో 6 గ్రాములు. అంటే ప్రోటీను కొరత తీర్చడానికి చేప అక్కర్లేదు. 40 గ్రాముల చేప కండలో ఉండేది సుమారు 7 గ్రాములు, గుడ్డుకు ఇంచుమించు సమానం.

చేప వల్ల అదనంగా వచ్చేవి వేరే ఉన్నాయి. సముద్రపు కొవ్వు చేపల్లో ఒమేగా-3, డి విటమిన్ ఉంటాయి. సముద్రపు చేపల్లో అయోడిన్ ఉంటుంది. చేప ముక్కతో కలిపి తిన్నప్పుడు పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి ఎక్కువ పడుతుంది. ఇది రక్తహీనత ఎక్కువగా ఉన్న మన పిల్లలకు చాలా ముఖ్యం. అందుకే చేప పెట్టే రోజున పక్కన ఆకుకూర పప్పు ఉండేట్టు చూడండి, వట్టి చారు కాదు.

ఇంకో మాట. చెరువు శీలావతిని పెట్టి "ఒమేగా-3 ఇస్తున్నాం" అని బోర్డు రాయకండి. శీలావతిలో కొవ్వే తక్కువ, అందులో ఈ రకం ఇంకా తక్కువ. అది మంచి ప్రోటీను, బి12 మాత్రమే. ఒమేగా-3 కావాలంటే కవళ్లు, కానాగంతల లాంటి సముద్రపు చేపలే.

చెరువుగట్టు
ఏ చేప అన్నదానికి ధర కంటే ముందు ముల్లు చూడాలి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు ఈ మూడింటికీ వెన్నుముల్లు, పక్కటెముకలతో పాటు కండ మధ్యలో వై ఆకారపు సన్నముళ్లు ఉంటాయి. ఇవి దేనికీ అతుక్కొని ఉండవు, కత్తితో తీసేయలేం. తోక వైపు ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లం నాలుకతో వేరు చేసుకుంటాం. వంద మంది పిల్లలు ఇరవై నిమిషాల్లో తిని ఆటకు పరుగెత్తే చోట అది కుదరదు. రూప్‌చంద్ చేప మన సంతల్లో బాగా అమ్ముతారు, దానికీ కండ ముళ్లు ఉన్నాయి, మోసపోవద్దు.

కండ ముళ్లు లేనివి పంగాసియస్, తిలాపియా, పండుగప్ప. పండుగప్ప ధర బడికి అందదు. పంగాసియస్ మన రాష్ట్రంలోనే కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచుతారు, మామూలుగా శీలావతి కంటే చవక. తోలు, వెన్నుముల్లు, పక్కటెముకలు తీసేస్తే మిగిలేదంతా మెత్తటి కండే. "ఫంగస్ చేప" అని జనం తక్కువగా చూస్తారు గానీ, మంచి నీళ్లలో, కంపెనీ మేతతో పెంచిన చేప తప్పు కాదు. ఎక్కడ పెంచారో, ఎవరు కోశారో రాసి ఇచ్చేవాడి దగ్గరే కొనాలి.

స్థానికంగా దొరికే చేప గురించి ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. పిచ్చాటూరు ఆరణియార్, పెనుమూరు వైపు ఎన్టీఆర్ జలాశయం, ఊరి చెరువులు అన్నీ వానాకాలంలో పిల్ల వేసి ఎండాకాలంలో నీళ్లు తగ్గాక పట్టేవే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దొరుకుతాయి, మిగతా బడి రోజుల్లో దొరకవు. వానలు పడని ఏడాది అదీ ఉండదు.

లెక్కల_పంతులు
గుడ్డు ఐదు రోజులు ఉంది కదా. దాన్నే సరిగ్గా, చిన్నది కాకుండా, పగిలింది కాకుండా ఇస్తే చాలదా? ఇద్దరు వంటవాళ్ల మీద ఇంత బరువు ఎందుకు?

పోషకాల_పట్టిక
న్యాయమైన ప్రశ్న సార్. గుడ్డు సరిగ్గా అందని బడిలో చేప మొదలుపెట్టకూడదు, అది నా మాట కూడా. కానీ గుడ్డులో లేనివి, తక్కువగా ఉన్నవి పైన రాశాను. ఇంకొకటి, పదేళ్ల వయసులో అలవాటు కాని తిండి తర్వాత అలవాటు కావడం కష్టం. దేశంలో చేపల ఉత్పత్తిలో ముందున్నది మన రాష్ట్రమే, మన పిల్లల కంచాల్లో మాత్రం చేప అరుదు. నెలకు రెండుసార్లు అడగడం పెద్ద కోరిక కాదు.

గంగాళం
వంట సంగతి నేను రాస్తాను. బడికి చేప ముక్కలు తేవద్దు. ఎంత బతిమాలినా తేవద్దు. పొలుసు, పేగులు, తలలు, రక్తం నీళ్లు, కాకులు, కుక్కలు, కూరగాయలు కోసే పీటే చేపకూ వాడటం... వీటన్నిటికీ మన బడి వంటగదుల్లో చోటు లేదు. తేవాల్సింది ముల్లు తీసిన చేప కైమా. యంత్రంలో కండ ఒక్కటే జల్లెడ డ్రమ్ములోంచి బయటకి వస్తుంది, ముల్లు, తోలు పక్కకు పోతాయి. శీలావతి అయినా కైమా చేస్తే వాడుకోవచ్చు.

దానితో చేయదగ్గది చేప ఉండల పులుసు. వంద మందికి, తలకు రెండు ఉండలు లెక్క:

చేప కైమా 4 కిలోలు. ఉర్లగడ్డలు కిలోన్నర, ఉడికించి, తొక్క తీసి, పూర్తిగా చల్లార్చి మెదిపినవి. పుట్నాల పొడి 400 గ్రాములు. ఎర్రగడ్డలు 200 గ్రాములు, సన్నగా తరిగి గుడ్డలో వేసి పిండేయాలి. అల్లం తెల్లగడ్డల ముద్ద 120 గ్రాములు, పచ్చిమిరపకాయలు 60 గ్రాములు, పసుపు 10 గ్రాములు, మిరియాల పొడి 15 గ్రాములు, కొత్తిమీర ఒక పెద్ద కట్ట, ఉప్పు 55 గ్రాములు. అంతా కలిపితే ఆరుంబావు కిలోల పైన వస్తుంది, ఉండ ఒక్కోటి 30 గ్రాములకు కొంచెం ఎక్కువ.

వరస తప్పితే ఉండ విడిపోతుంది. చల్లటి కైమాలో మొదట ఉప్పు ఒక్కటే వేసి ఐదారు నిమిషాలు గట్టిగా పిసకాలి. ఉప్పు తగిలితే చేప కండలోని ప్రోటీను కరిగి జిగురు తేలుతుంది, ఉండను పట్టి ఉంచేది ఆ జిగురే. ముద్ద చేతికి అంటుకొని సాగుతుంటే వచ్చినట్టు. ఆ తర్వాతే ఉర్లగడ్డ, పుట్నాల పొడి, మిగతావి. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే జిగురు రాదు. ఉర్లగడ్డ వేడిగా ఉన్నా రాదు.

ఉండలను నూనె రాసిన ఇడ్లీ పళ్లేల్లో పెట్టి ఆవిరి మీద 12 నిమిషాలు ఉడికించాలి. బడిలో ఇడ్లీ పాత్ర లేకపోతే టెంట్ హౌస్ వాళ్ల దగ్గర పెద్దది అద్దెకు దొరుకుతుంది. పచ్చి ఉండలను నేరుగా పులుసులో వేయొద్దు. చింతపండు పులుపు పైపొరను ముందే బిగిస్తుంది, లోపల జిగురు కట్టే లోపు పగుళ్లు వస్తాయి, గరిటె తగిలితే చాలు పులుసంతా పొట్టు పొట్టుగా తయారవుతుంది.

పులుసు 12 లీటర్లు చాలు, తలకు 120 మిల్లీలీటర్లు. చింతపండు 400 గ్రాములు, ఎర్రగడ్డలు 2 కిలోలు, టమాటాలు 3 కిలోలు, తెల్లగడ్డలు 150 గ్రాములు, కారం 100 గ్రాములు, ధనియాల పొడి 150 గ్రాములు, మెంతులు 15 గ్రాములు వేయించి పొడి, నూనె 500 గ్రాములు, ఉప్పు 110 గ్రాములు. మామిడికాయ దొరికే కాలంలో చింతపండు 250కి తగ్గించి నాలుగు పుల్లటి కాయలు వేస్తే నెల్లూరు పులుసు వాసన వస్తుంది, పిల్లలు ఇష్టపడతారు. పులుసు బాగా మరిగి పచ్చివాసన పోయాక ఉడికిన ఉండలు వేసి సన్న సెగ మీద 8 నిమిషాలు. గరిటె పెట్టొద్దు, గంగాళం చెవులు పట్టుకొని కదపండి.

పుత్తూరు_పంతులమ్మ
ఉప్పు సరిగ్గానే కలిపినా కొన్నిసార్లు ఉండ కట్టక జారిపోతాది కదా, అది ఎందుకు?

గంగాళం
మూడు కారణాలు మేడం. కైమాలో నీళ్లు మిగిలితే ఒకటి. గుడ్డలో వేసి మెల్లగా వత్తితే పోతాయి. కైమా వెచ్చబడితే రెండోది. ఉదయం తొమ్మిదికే వంటగదిలో 32 డిగ్రీలు ఉంటే ముద్ద పది నిమిషాల్లో నీరసపడుతుంది, గిన్నె కింద ఐసు గిన్నె పెట్టుకొని పిసకాలి. మూడోది పాత సరుకు. నెలల తరబడి ఫ్రీజర్లో ఉన్న కైమాకు జిగురు చచ్చిపోతుంది. అట్లాంటప్పుడు పుట్నాల పొడి 600 గ్రాములకు పెంచితే ఆ రోజుకు గట్టెక్కుతారు, తర్వాత సారి సరుకు మార్చండి.

ఒక ముద్ద మొత్తం ఉండలు చుట్టకముందే ఒకే ఒక్క ఉండ ఆవిరి పెట్టి విరిచి చూడండి. ఉప్పు, గట్టితనం, ముల్లు మూడూ అక్కడే తెలుస్తాయి.

మంచుపెట్టె
గంగాళం గారి వంటకం కుదరాలంటే సరుకు చల్లగా రావాలి. బడిలో ఫ్రిజ్ లేదన్నారు కాబట్టి ముందురోజు సాయంత్రం దింపించుకోవడం అనే మాటే వద్దు. వంట రోజు ఉదయం ఎనిమిదిన్నరకు రావాలి.

కైమా కిలో పొట్లాలుగా, రెండు మూడు సెంటీమీటర్ల మందంతో పలకల్లా గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీల దగ్గర నిల్వ చేసింది అడగండి. ముద్దగా ఐదు కిలోల దిమ్మ ఇస్తే బయట కరిగి వెచ్చబడుతుంది, లోపల రాయిలా ఉంటుంది, వంటవాళ్లు ఎండలో పెట్టేస్తారు. సరిగ్గా జబ్బులు మొదలయ్యేది అక్కడే. పలుచటి పలకనైతే కవరు విప్పకుండా చన్నీళ్ల బకెట్లో ముంచితే గంట లోపు మెత్తబడుతుంది.

థర్మాకోల్ పెట్టెలో సరుకు ఎంతో ఐసు అంత, కింద ఒక వరుస, పైన ఒక వరుస. పెట్టె తెరవగానే పొట్లం నడుమ గట్టిగా ఉండాలి. మొత్తం మెత్తబడి, నీళ్లు ఊరి, సూది థర్మామీటర్ 5 డిగ్రీలు దాటి చూపిస్తే వెనక్కి పంపండి. ఆ రోజుకు గుడ్డు వండండి. సరఫరాదారుతో ఈ షరతు ముందే కాగితం మీద రాసుకోవాలి, లేకపోతే గేటు దగ్గర గొడవ అవుతుంది.

ఉడికాక ఉండ నడుమ 75 డిగ్రీలు రావాలి. వడ్డించే దాకా గంగాళం 63 డిగ్రీలకు పైనే ఉండాలి. అంటే పదకొండున్నరకే వండేసి మూతపెట్టి ఒంటిగంట దాకా ఉంచొద్దు. మిగిలింది ఇంటికి ఇవ్వొద్దు, సాయంత్రం తినొద్దు.

పులికాట్_తీరం
అందరూ కైమా కైమా అంటున్నారు. తడ, సూళ్లూరుపేట, వాకాడు మన జిల్లావే కదా, సముద్రం పక్కనే పెట్టుకొని కృష్ణా జిల్లా చెరువు చేప తేవడం ఏమిటి? కవళ్లను ప్రెషర్ కుక్కర్లో చింతపండు పులుసుతో ముప్పావుగంట ఉడికిస్తే ముల్లు మెత్తబడి నోట్లో నలిగిపోతుంది. ఆ ముల్లులో కాల్షియం కూడా పిల్లలకే దక్కుతుంది. యంత్రం అక్కర్లేదు, ధర తక్కువ, ఒమేగా-3 అసలైనది.

మంచుపెట్టె
మీరు చెప్పిన పోషకాల మాట నూటికి నూరుపాళ్లు నిజం అన్నా. కానీ కవళ్లు, కానాగంతలు, సూర (ట్యూనా) చేపల దగ్గర ఒక ప్రమాదం ఉంది. వీటి కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. వల నుంచి తీశాక ఐసు పడకుండా నాలుగైదు గంటలు వెచ్చగా ఉంటే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్ అనే హానికర పదార్థంగా మారుస్తాయి. ఒకసారి తయారయిందా, మరిగించినా, ప్రెషర్ కుక్కర్లో పెట్టినా, ఫ్రీజ్ చేసినా పోదు. వాసన కూడా తెలియకపోవచ్చు. తిన్న గంట లోపు మొహం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు, వాంతులు. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి కిలోకు 200 మిల్లీగ్రాములు, దాన్ని కొలవాలంటే ల్యాబ్ కావాలి. పడవలోనే ఐసు పట్టినట్టు, లారీలో ఐసు కరగనట్టు రుజువు లేకుండా ఈ చేపలు బడికి వద్దు.

పులికాట్_తీరం
ఐసు పెట్టె తీసుకెళ్లే పడవల నుంచి ఒప్పందం మీద కొంటే ఆ రుజువు దొరుకుతుంది. కాకపోతే అది ఒక బడి చేసే పని కాదు, మండలమంతా కలిసి చేయాలి, ఒప్పుకుంటా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కూడా గుర్తుంచుకోండి. బడులు తెరిచిన మొదటి వారాల్లో తాజా సరుకు ఆశించొద్దు. ఆ రోజుల్లో అమ్మేది చాలావరకు ఫ్రీజర్లో ఉన్నదే.

వంజరం, సొర లాంటి, చిన్న చేపల్ని తినే పెద్ద చేపలు దాతలు ఇస్తామన్నా పిల్లలకు వద్దు. సొరలో పాదరసం పేరుకుంటుంది. చిన్న చేపే మేలు.

నగరి_కరువాడు
యంత్రం, ఐసు, ఫ్రీజర్ ఏవీ లేని దారి ఇంకోటి ఉంది, ఎండు నెత్తళ్ల పొడి. మన వైపు వంకాయ కరువాడు (ఎండు చేప) పులుసు తెలియని ఇల్లు తక్కువ, కాబట్టి రుచి కొత్త కాదు. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో అంగన్‌వాడీ పిల్లలకు ఎండు చిన్న చేప, దాని పొడి ఇచ్చి చూశారు, అంటే ప్రభుత్వ వంటలో కుదరనిది కాదు.

తలకు 6 గ్రాములు, వంద మందికి 600 గ్రాములు. ఉప్పు వేయకుండా ఎండబెట్టిన నెత్తళ్లే అడగాలి. ఉప్పు కరువాడు వాడితే పులుసులో వేరే ఉప్పు వేయకపోయినా నోట పెట్టలేరు. తల గిల్లి, పేగు గీరి, రెండుసార్లు నీళ్లలో గలగరించి, మళ్లీ ఎండలో గలగల్లాడేలా ఆరబెట్టాలి. తర్వాత మందపాటి బాణలిలో సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలు వేయిస్తే చిటుక్కున విరుగుతుంది. చల్లారాక మిక్సీ పట్టి సన్న జల్లెడలో జల్లించండి. జల్లెడ మీద మిగిలిన ముల్లు మళ్లీ మిక్సీకి, అప్పటికీ నలగనిది పారేయండి.

చెడేది రెండు చోట్ల. ఇసుక మీద ఎండబెట్టిన సరుకైతే పొడిలో ఇసుక నిలుస్తుంది. గాజు గ్లాసు నీళ్లలో చెంచా పొడి వేసి కలిపి రెండు నిమిషాలు వదలండి, అడుగున ఇసుక కనిపిస్తే ఆ లాటు వద్దు. నేల మీద కాకుండా వల పరిచిన మంచెల మీద ఎండబెట్టినవాళ్ల దగ్గర కొనాలి. రెండోది, పొడిలో ఉన్న చేప నూనె గాలి తగిలి కంపు పడుతుంది. గాలి చొరని డబ్బాలో మూడు వారాలు, అంతకు మించి దాచొద్దు.

పొడిని పప్పులో కలపొద్దు, పిల్లలు వాసన పట్టి మొత్తం వదిలేస్తారు. వంకాయ, టమాటా, చింతపండు ఉన్న పులుసులో, దించడానికి ఐదు నిమిషాల ముందు వేయండి.

పోషకాల_పట్టిక
ఎండు నెత్తళ్లలో ప్రోటీను సగానికి పైనే ఉంటుంది కాబట్టి 6 గ్రాములకు మూడు మూడున్నర గ్రాములు వస్తాయి. గుడ్డుకు బదులు కాదు, గుడ్డుతో పాటు. కాల్షియం మాత్రం గట్టిగా వస్తుంది, ముల్లు కూడా పొడి అయింది కనుక.

పుత్తూరు_పంతులమ్మ
ఏ రోజు పెట్టాలన్నది ఎవరూ మాట్లాడలేదు. మన జిల్లాల్లో అది వంటకమంత పెద్ద విషయం. శనివారం వెంకన్న వారం, సోమవారం శివయ్యది, శ్రీకాళహస్తిలో చెప్పక్కర్లేదు. గురువారం, శుక్రవారం చాలా ఇళ్లలో నీచు ముట్టరు. మంగళవారం కొందరు. మిగిలేది బుధవారం. సెప్టెంబర్ నడుమ నుంచి అక్టోబర్ నడుమ దాకా పెరటాసి నెల, అరవ సరిహద్దు మండలాల్లో సగం తరగతి తినదు. తర్వాత కార్తీకం, అయ్యప్ప మాలలు. కాబట్టి జూన్ చివర నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా, మళ్లీ సంక్రాంతి సెలవుల తర్వాత మార్చి దాకా పెట్టుకుంటే పారబోత ఉండదు. తిరుమల కొండ మీద బడులకు ఈ చర్చే వర్తించదు.

తినని పిల్లలకు ఆ రోజు గుడ్డు ఉండాలి, గుడ్డు కూడా తినని వాళ్లకు అరటిపండు, చిక్కీ. వేరే గరిటె, వేరే గిన్నె, వేరే వరుస మాత్రం వద్దు. వరుస విడదీస్తే ఎవరిది ఏ ఇల్లో పిల్లలు చదివేస్తారు. అందరూ కలిసే కూర్చోవాలి, చేప గిన్నె చివరన రావాలి, చెయ్యి అడ్డం పెట్టిన బిడ్డకు పోయకూడదు. తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోండి, ఒకసారి చాలు, ఏడాదికి.

లెక్కల_పంతులు
ఇప్పుడు డబ్బు. 2025 మే 1 నుంచి పీఎం పోషణ్‌లో సరుకుల ఖర్చు 1-5 తరగతులకు తలకు 6.78 రూపాయలు, 6-8కి 10.17. పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ అన్నీ ఇందులోనే. పూర్తి శీలావతి నుంచి కైమా వచ్చేది 40 శాతం పైచిలుకే. నాలుగు కిలోల కైమాకు పది కిలోల చేప. కిలో 160 అనుకుంటే 1,600, యంత్రం కూలి, ఐసు, బండి కలిపితే 2,000 దగ్గరకు పోతుంది. తలకు 20 రూపాయలు. అంటే మొత్తం భోజనానికి ఇచ్చేదానికి రెట్టింపు, ఒక్క చేపకే. పంగాసియస్ అయితే కొంత తగ్గుతుంది, అయినా 10.17లో ఇమడదు. ఇది ఎవరూ దాచిపెట్టకూడదు. వంట ఏజెన్సీ మీద రుద్దితే వాళ్లు ఇంకో నాలుగు రోజుల పప్పులో నీళ్లు పోసి సరిచేస్తారు, చేప వల్ల పిల్లలకు నష్టమే జరుగుతుంది.

పథకంలోనే తిథి భోజనం అని ఉంది. పుట్టినరోజుకో, పెద్దల పేరుతోనో ఇచ్చే దాతలు తిరుపతి చుట్టూ కొదవ లేదు. ఆ డబ్బును చేపకు మళ్లించొచ్చు. దాత ఇంట్లో వండి తెచ్చిన కూర మాత్రం తీసుకోకండి. డబ్బు ఇవ్వాలి, లేదా అదే సరఫరాదారుకు కట్టాలి.

చెరువుగట్టు
దానికి తోడు, ఒక్క బడి నాలుగు కిలోలు అడిగితే ఏ ప్రాసెసరూ బండి పంపడు. ఇరవై బడులు ఒకే బుధవారం పెట్టుకుంటే 80 కిలోలు. చిన్న ముల్లు యంత్రమే గంటకు వంద కిలోలకు పైగా తీస్తుంది. మండలంలో ఒక డ్వాక్రా సంఘం యంత్రం, ఫ్రీజర్ పెట్టుకొని ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు తీసుకుంటే ఉపాధి కూడా. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం సబ్సిడీ పద్ధతి ఉంది. శిక్షణకు ముత్తుకూరు మత్స్య కళాశాల దగ్గరే.

యంత్రం బెల్టు మరీ బిగిస్తే రాబడి పెరుగుతుంది, కానీ ముల్లు తునకలు కూడా డ్రమ్ము రంధ్రాల్లోంచి దూరి వస్తాయి. లాభం కోసం ఈ పని చేసేవాళ్లు ఉంటారు. ప్రతి లాటులో ఐదు గుప్పెళ్లు తెల్లటి పళ్లెంలో పలుచగా పరిచి, వెలుతురులో వేళ్లతో తడమండి. ఒక్క తునక దొరికినా ఆ లాటు ఉండలకు వద్దు.

పులికాట్_తీరం
2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెరిగాక మన రొయ్య రైతులు ఇబ్బంది పడ్డారు. బడులకు రొయ్య ఇస్తే రెండు వైపులా మేలు కదా?

ప్రథమచికిత్స
రైతు కష్టం నిజమే గానీ, మొదటి అడుగు రొయ్యతో వేయకూడదు. అలర్జీల్లో రొయ్య ముందు వరుసలో ఉంటుంది, ఆ ప్రోటీను ఉడికించినా చావదు. చేపకూ అలర్జీ ఉంది, అది కూడా వేడికి పోదు, కాకపోతే తక్కువ మందికి. సంతకం కాగితంలో "చేప, రొయ్య, పీత తింటే దద్దుర్లు, ఆయాసం, పెదాల వాపు ఎప్పుడైనా వచ్చాయా" అని ఒక వరుస చేర్చండి. మొదటిసారి అందరికీ ఒకే ఉండ. ఆయాసం, గొంతు వాపు కనిపిస్తే ఆలోచించకుండా 108.

కైమాతో ముల్లు గుచ్చుకోవడం అరుదు, అయినా చెప్తాను. గొంతులో గుచ్చుకున్నదంటే అన్నం ముద్ద, అరటిపండు మింగించొద్దు. ముల్లు ఇంకా లోపలికి దిగుతుంది. వేళ్లు పెట్టి తీయొద్దు. బిడ్డను కదలకుండా కూర్చోబెట్టి పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి.

గంగాళం
పని మాట కూడా తేల్చండి. 26 నుంచి వంద మంది పిల్లలకు ఇద్దరు వంటవాళ్లని నిబంధన. రెండు వందల ఉండలు చుట్టడానికే ఇద్దరికి నలభై నిమిషాలు పడుతుంది, అన్నం, పప్పు వేరే. గౌరవ వేతనం నెలకు మూడు వేలు. ఆ రోజుకు మూడో మనిషిని కూలి ఇచ్చి పెట్టండి, ఆ కూలిని కూడా తలకు 20కి కలిపి దాతకు చెప్పండి. ఉండల కొలతకు ఒకే గుంట గరిటె వాడితే చేతి వాటం తేడా ఉండదు, "వాడికి పెద్దది" అనే తగువూ ఉండదు.

సమయం: ఎనిమిదిన్నరకు సరుకు, తొమ్మిదిన్నరకు ఉప్పు పిసకడం, పదికి ఉండలు, అదే వేళకు రెండో పొయ్యి మీద అన్నం. అన్నం దించగానే పులుసు ఎక్కించాలి. పది ముప్పావు నుంచి రెండు వాయిల ఆవిరి, పదకొండు నలభైకి పులుసులో ఉండలు. పన్నెండుకు పంతులు, తల్లి ఒకరు రుచి చూడాలి. పన్నెండుంబావుకు వడ్డన. పప్పు మాత్రం ఎనిమిదిన్నర లోపే ఉడికి పక్కన ఉండాలి, తాలింపు చివర్లో.

బడికమిటీ_శ్రీకాళహస్తి
అందరికీ దండాలు. పక్క మండలంలో ఇంకో కమిటీతో మాట్లాడి, ఇరవై కాకపోయినా పది బడులు ఒకే బుధవారానికి వచ్చేట్టు చూస్తాం. ఒక్క సందేహం మిగిలింది. 1 నుంచి 5 తరగతుల పిల్లలు అరవై మంది అదే ఆవరణలో ఉన్నారు. వాళ్లకు పెట్టకుండా పెద్దపిల్లలకు పెడితే బాగుండదు. కొలత ఎంత?

గంగాళం
తలకు ఒక్క ఉండ, అరవై ఉండలు. కైమా 1,200 గ్రాములు, ఉర్లగడ్డ 450, పుట్నాల పొడి 120, ఉప్పు 16 గ్రాములు. పచ్చిమిరపకాయలు మానేయండి, మిరియాలు చిటికెడు. పులుసులో నుంచి తీసిన ఉండను వాళ్లకు ఇవ్వకముందే ఆయమ్మ కంచంలోనే గరిటెతో నాలుగు ముక్కలు చేసి చూపించాలి. పెద్దపిల్లలకు రెండుసార్లు పెట్టి ఏ తేడా రాలేదని చూశాక చిన్న తరగతులకు.

పోషకాల_పట్టిక
ఒక్క ఉండలో వచ్చేది మూడున్నర గ్రాముల ప్రోటీనే అక్కా. చిన్నపిల్లలకు ఆ రోజు గుడ్డు ఆపకండి.